ఇంకో సున్న

త్బిలిసీ ఉత్తరాన, గ్ల్దానీలో
పదహారంతస్తుల భవనం.
లిఫ్టులో ఇనప పెట్టె, పెట్టెకో సన్నని చీలిక.
ఇరవై తెత్రీల నాణెం మింగితేనే కదులుతుంది.
లేదంటే ఎంతటివాడికైనా మెట్లే.

ముర్మాన్ మేస్త్రీ దగ్గర పనికి చేరిన రోజు
నాకు పానా ఇవ్వలేదు. పెన్సిలిచ్చాడు.
"గియ్యి."
నిద్రపోతోంది: ఒక సున్న.
నాణెం పడింది: ఒక సున్న.
తలుపు మూసుకుంది. కదులుతోంది. ఆగింది.
అయిదు సున్నలు, మధ్యలో బాణాలు,
ఏం జరిగితే ఎటు పోవాలో
బాణం వీపున రెండు ముక్కలు.
"లిఫ్టంటే ఇంతేనోయ్.
మిగతాదంతా గ్రీజు."

టీ చల్లారుతుంటే
చుట్టాల సంగతులు చెప్పినట్టు చెప్పాడు:
సముద్రాల అవతల, యుద్ధం నడుస్తుండగా,
మెదడులో ఒక్క కణం ఔననో కాదనో ఎలా అంటుందో
కాగితం మీద పట్టుకోబోయారట ఎవరో.
మెదడు చిక్కలేదు.
చిక్కినవి ఈ సున్నలు.
టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో టకటకలాడే రిలేలకి
నడత నేర్పడానికి ఇంకొకళ్ళు ఇవే గీశారు.
కంప్యూటరు మనం రాసింది
అక్షరం అక్షరం నములుతూ
ఇది అంకె, ఇది పేరు, ఇది రాయి అని
పంటికింద ఏరేదీ వీటితోనే.
మా వదిన బట్టలుతికే మిషనూ ఇదే.
కూడలిలో ఎర్రదీపమూ ఇదే.

"ఎలా వచ్చావని అడగదు," అన్నాడు,
"ఎక్కడున్నావన్నదే దానికి పట్టింపు.
ఎక్కినంతమందీ దిగారా అని అడిగి చూడు,
తెల్లమొహం వేస్తుంది.
ఎంతమందినైనా లెక్కపెట్టాలంటే
ఎన్ని సున్నలు కావాలి?
నీ దగ్గర ఎంత కాగితముంది?"

కరెంటు రోజుకి నాలుగ్గంటలే వచ్చే చలికాలం అది.
పన్నెండో అంతస్తు ఝుఝునా
కిరోసిన్ డబ్బాతో ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఇరుక్కుంది.
రెండు గంటల పది నిమిషాలు.
ఏడవలేదు. మా తండ్రుల పేర్లు పెట్టి
గొయ్యంతా మారుమోగేలా తిట్టింది.
కరెంటొచ్చింది. లిఫ్టు మేలుకుని
మొదటి సున్నలోకి పోయింది,
ఆమెతో సహా, నేల అంతస్తుకి.
తలుపు తెరుచుకుంది.
చీలిక మళ్ళీ నోరు తెరిచింది.

"వేశాను కదా?"
మేస్త్రీ జేబులోంచి నాణెం తీశాడు.
"నీ డబ్బెందుకు నాకు?
వేశానని దానికి తెలియాలి," అని
డబ్బా ఎత్తుకుని మెట్లెక్కింది.

ఆ రాత్రి కొవ్వొత్తి ముందు కాగితం పరిచాడు.
ఒక్క సంగతి గుర్తుండాలంటే
సున్నలన్నీ రెట్టింపు:
నాణెం వేసిన నిద్ర, వేయని నిద్ర,
నాణెం వేసిన కదలిక, వేయని కదలిక.
పది గీసి, ఏ బాణమూ చేరని మూడింటిని
గోటితో గీరేశాడు.
మూతపడ్డ ఎక్స్ఛేంజీ నుంచి ఏనాడో తెచ్చి దాచిన రిలే,
కరెంటు పోయినా పట్టిన పట్టు విడవనిది,
తెల్లారేలోగా బిగించాడు.

మళ్ళీ కరెంటు పోయింది, ఆమె లోపలుండగానే.
వచ్చాక లిఫ్టు ఏమీ అడగలేదు.
పన్నెండు దాకా ఎక్కింది.
పైనుంచి గొంతు దిగింది:
"ఆఁ, ఇప్పుడు తెలిసింది దానికి!"

కాగితం మూల ఎనిమిదో సున్న ఉంది, పేరు లేదు.
అన్ని వైపుల నుంచీ బాణాలు లోపలికే.
బయటికి ఒక్కటీ లేదు.
మరిచిపోయావా అన్నాను.

"తాడు తెగితే ఇక్కడికొస్తుంది.
కోరలు పట్టాలని కరిచి పట్టుకుంటాయి.
ఇక్కడ నాణెం పనిచెయ్యదు, కరెంటు పనిచెయ్యదు.
ఎవరో ఒకరు పైకెక్కి విడిపించాలి,"
అని, గ్రీజు తుడవకుండానే,
పానా నా వైపు జరిపాడు.